ఎముక అతికిన పిమ్మట మందు మానవచ్చునా?

వయసు మళ్ళినవారికి ఎముక విరిగినచో ఇల్లంతయు కదలిపోవును. ఆసుపత్రి, ఎక్స్‌రే, శస్త్రచికిత్స, కట్టు, మంచము దగ్గర సేవ – రెండు మూడు నెలలపాటు ఇంటిల్లిపాది రోగి చుట్టునే తిరుగుదురు. కర్ర పట్టుకొని నాలుగడుగులు వేసిననాడు "గండము గడిచినది" అనుకొందురు. ఎముకల బలమునకు వైద్యుడు వ్రాసియిచ్చిన మందు అప్పటికి ఒక నెలయో రెండు నెలలో వాడియుందురు. ఆ పిమ్మట ఆ చీటీ అలమరలో పాత బిల్లుల అడుగునకు చేరును.

ఇది ఒక ఇంటి సంగతి కాదు. నోటి ద్వారా తీసుకొను ఈ మందులను ప్రారంభించినవారిలో సుమారు సగముమంది సంవత్సరము తిరుగకుండగనే మానివేయుచున్నారని అనేక దేశములలో జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి. మానినవారందరు అవివేకులు కారు. ఆ మందు స్వభావమే అట్టిది. తలనొప్పి మాత్ర వేసుకొన్న గంటలో గుణము తెలియును. విరేచనములకు మందు పుచ్చుకొన్న పూటలో తెలియును. ఎముకల మందు వేసుకొన్నను ఏమియు తెలియదు, మానినను ఏమియు తెలియదు. మరల జారిపడిననాడు మాత్రమే తెలియును.

కావున ఈ మందును కొనసాగించు భారమును ముసలివారి తలపై మాత్రమే వేసి ఊరకుండరాదు. ఇంటిలో ఒకరు దానికి పూచీ పడవలెను. అది ఎట్లో ఈ వ్యాసమున వివరింతును.

అతికిన ఎముక వేరు, బలమైన ఎముక వేరు

ధాతువులు ఏడింటిలో అస్థి అయిదవది. తిన్న ఆహారము రసముగా, రక్తముగా, మాంసముగా, మేదస్సుగా పరిణమించిన పిమ్మటగాని అస్థికి పోషణ అందదు. కనుకనే అది నిదానముగా పెరుగును, నిదానముగా క్షయించును, నిదానముగానే బాగుపడును. అస్థియందు వాతము ఆశ్రయించియుండునని వాగ్భటాచార్యులు అష్టాంగహృదయమున చెప్పిరి. వాతము పెరిగినకొలది అస్థి క్షయించును. వార్ధక్యము వాతప్రధానమైన కాలము కనుక, ఆ వయసున ఎముకలు గుల్లబారుట మన పూర్వులు ఎరిగిన విషయమే. స్త్రీలకు ముట్లుడిగిన పిమ్మట ఈ క్షయము మరింత వేగముగా జరుగును. దీనినే నేటి వైద్యులు ఆస్టియోపోరోసిస్ అనుచున్నారు.

విరిగిన ఎముక స్థిరపడుటకు చిన్న వయసున ఒక మాసము, నడి వయసున రెండింతలు, చివరి వయసున మూడింతలు కాలము పట్టునని సుశ్రుతాచార్యులు భగ్నచికిత్సాధ్యాయమున చెప్పిరి. అనగా ముసలివారికి మూడు మాసములు. ఆ మూడు మాసములు విరిగినచోట అతుకు పడుటకు మాత్రమే. తక్కిన ఎముకల సంగతి ఏమి?

చెదపట్టిన ఇంటిలో ఒక దూలము విరిగినదనుకొనుడు. వడ్రంగి వచ్చి కొత్త దూలము వేసి పోవును. ఇల్లు నిలిచినది. కాని చెద పోయినదా? తక్కిన దూలములలో, వాసములలో అది తన పని తాను చేయుచునే యుండును. శస్త్రచికిత్సతో మేకు వేసినను, రాయలసీమలో పేరుపడిన పుత్తూరు కట్టు కట్టించుకొన్నను, అది ఒక దూలమును సరిచేయుట మాత్రమే. చెదకు మందు వేరుగా వేయవలెను.

నడచుచు జారిపడినంతమాత్రమున, లేదా కుర్చీ ఎత్తు నుండి పడినంతమాత్రమున తుంటి ఎముక గాని, వెన్నుపూస గాని విరిగినదన్నచో, ఆ ఎముకలు గుల్లబారినవనుటకు అదియే తగినంత నిదర్శనము. అట్లు ఒకసారి విరిగినవారికి మరియొకచోట విరుగు ప్రమాదము ఇతరులకన్న దాదాపు రెట్టింపు. ఆ ప్రమాదము మొదటి రెండు సంవత్సరములలో మిక్కుటముగా నుండును. అనగా మన ఇళ్ళలో మందు మానివేయు కాలమును, మరల విరుగు కాలమును ఒకటే. మణికట్టు విరిగిననాడు మేలుకొనినవారు తుంటిని కాపాడుకొనవచ్చును.

మందు నిజముగా మేలు చేయునా అను సందేహము కలుగవచ్చును. 2007లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, తుంటి విరిగి శస్త్రచికిత్స జరిగిన 2,127 మందిని పరిశీలించిరి. సంవత్సరమునకు ఒకసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ అను మందును నరము ద్వారా పొందినవారిలో కొత్తగా ఎముకలు విరుగుట 35 శాతము, మరణములు 28 శాతము తక్కువగా నుండెను. ఇది సామాన్యమైన ఫలము కాదు.

వాడుకలో ఉన్న మందులు

ఇంటివారు తమ పెద్దలకు వ్రాసిన మందు ఏ రకమో తెలిసికొని యుండవలెను. ఏది వాడవలెనో నిర్ణయించువాడు వైద్యుడు. వాడు విధము మాత్రము ఇంటివారికి తెలియవలెను.

1. అలెండ్రొనేట్, రైసెడ్రొనేట్: సాధారణముగా వారమునకు ఒక మాత్ర.

2. ఐబాండ్రొనేట్: నెలకు ఒక మాత్ర.

3. జోలెడ్రోనిక్ ఆసిడ్: సంవత్సరమునకు ఒకసారి సెలైను వలె నరము ద్వారా ఎక్కింతురు. ముందుగా మూత్రపిండముల పరీక్ష చేయింపవలెను.

4. డెనోసుమాబ్: ఆరు నెలలకు ఒకసారి చర్మము క్రింద సూది మందు.

5. టెరిపరటైడ్: ప్రతిదినము చర్మము క్రింద సూది మందు. రెండు సంవత్సరములకు మించి సాధారణముగా వాడరు. దీనిని ఫ్రిజ్‌లో ఉంచవలెను. అది ముగిసిన పిమ్మట వేరొక మందుతో ఆ బలమును నిలుపుకొనవలెను.

వీటితోపాటు కాల్షియము, విటమిన్ డి ఉండును. ఇవి ఇల్లు కట్టుటకు ఇటుక, సున్నముల వంటివి. ఇటుక, సున్నము తెచ్చిపోసినంతమాత్రమున చెద పోదు. "కాల్షియం వేసుకుంటున్నాం కదా, ఆ వారం మాత్ర ఎందుకు?" అని అడుగువారు ఈ భేదమును గమనింపవలెను.

చరకుడు చెప్పిన నాలుగు గుణములు

చికిత్సకు నాలుగు పాదములని చరకసంహిత చెప్పుచున్నది – వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికి నాలుగేసి గుణములు ఉండవలెను. రోగికి ఉండవలసినవి: స్మృతి, అనగా జ్ఞాపకశక్తి. నిర్దేశకారిత్వము, అనగా చెప్పినట్లు ఆచరించుట. అభీరుత్వము, అనగా భయము లేకుండుట. జ్ఞాపకత్వము, అనగా తన బాధను వైద్యునకు తెలియజెప్పగలుగుట.

డెబ్బది, ఎనుబది ఏండ్లవారిలో ఈ నాలుగును కొంత సన్నగిల్లుట సహజము. మందు మానివేయుటకు గల కారణములన్నియు ఈ నాలుగింటి లోపముననే కనబడును. రోగిలో తగ్గినదానిని పరిచారకుడు పూరింపవలెను. మన ఇళ్ళలో పరిచారకుడనగా కొడుకో, కోడలో, కూతురో, మనుమడో.

స్మృతి: మరపునకు విరుగుడు

ప్రతిదినము వేసుకొను రక్తపోటు మాత్రకన్న వారమునకొకసారి వేసుకొను మాత్రను మరచుట సులభము. కావున దానిని ఒక వారముతో ముడిపెట్టవలెను. ఆ వారము ఉపవాసదినము కారాదు. సోమవారమో శనివారమో ఉపవాసముండు పెద్దలు అనేకులు. నీరు సైతము ముట్టని ఉపవాసమునాడు ఈ మాత్ర వేయనే కూడదు. ఏ నియమమును లేని బుధవారము వంటిదానిని నిర్ణయించి, గోడమీది క్యాలెండరులో నెలనెలకు ఆ తేదీలకు ఎర్ర సిరాతో గుర్తు పెట్టవలెను. మాత్ర వేసిన వెంటనే ఆ గుర్తును కొట్టివేయవలెను.

ఒక వారము మరచినచో, జ్ఞాపకము వచ్చిన మరునాటి ఉదయము ఒక మాత్ర వేసుకొని, తరువాత ఎప్పటి వారమునకే మరలవలెను. ఒకే దినమున రెండు మాత్రలు వేయరాదు.

ఆరు నెలల సూది మందు విషయమున మరపు చాల ప్రమాదకరము. డెనోసుమాబ్ పని ఆగిన వెంటనే, అణగియున్న అస్థిక్షయము ఒక్కుమ్మడిగా తిరుగబడును. కొందరికి వెన్నుపూసలు ఒకదాని వెంట ఒకటి కుంగిపోవును. గడువు తేదీ దాటి ఒక నెలకు మించి ఆలస్యము కారాదు. మానవలసివచ్చినచో వైద్యుడు దాని స్థానమున వేరొక మందును ప్రారంభించిన పిమ్మటనే మానవలెను.

ఇక్కడ మన కుటుంబముల పద్ధతిని ఒకదానిని చెప్పవలసియున్నది. తల్లిదండ్రులను కొడుకులు వంతులవారీగా పోషించు ఇళ్ళు చాల కలవు – ఆరు నెలలు పెద్దవాని ఇంట, ఆరు నెలలు చిన్నవాని ఇంట. ఒక వృద్ధురాలిని నడుము నొప్పితో నా వద్దకు తీసుకొనివచ్చిరి. మొదటి సూది పెద్ద కుమారుడు వేయించెను. రెండవది వేయించవలసిన తేదీ ఆమె ఇల్లు మారిన వారములోనే పడెను. పెద్దవాడు "తమ్ముడు చూసుకుంటాడు" అనుకొనెను. చిన్నవానికి అట్టి సూది ఒకటి ఉన్నదనియే తెలియదు. పది నెలలు గడిచెను. ఎక్స్‌రే తీయించి చూడగా రెండు వెన్నుపూసలు కుంగియుండెను. అన్నదమ్ములలో ఎవరిని తప్పు పట్టుటకును లేదు. బట్టల పెట్టెతో పాటు మందుల చీటీ ఆ ఇంటికి రాలేదు, అంతే. పెద్దలు ఇల్లు మారునప్పుడు చేతిసంచిలో మొదట ఉంచవలసినది ఆ చీటీయే. దానిపై తరువాతి సూది తేదీ పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచవలెను.

పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న ఇళ్ళలో వారానికొకసారి ఫోను తప్పక వచ్చును. ఆ ఫోనును మాత్ర వేసుకొను దినమున చేయుట దూరమున నున్న బిడ్డలు చేయదగిన సేవ.

నిర్దేశకారిత్వము: చెప్పినట్లు ఆచరించుట

పెద్దలు మాట వినుటలేదని కసరుకొనువారు తాము చెప్పిన తీరును ఒకసారి పరిశీలించుకొనవలెను. "మాత్ర వేసుకున్నావా లేదా?" అని నిలదీసినచో "ఆఁ, వేసుకున్నాలే" అను సమాధానమే వచ్చును. దానికన్న ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుతురులో చూపి, "అమ్మా, ఇదిగో ఇక్కడ విరిగింది. ఇది అతుక్కుంది. ఈ బిళ్ళ నొప్పికి కాదు, రెండో తుంటి విరక్కుండా ఉండడానికి" అని ఒకమారు నెమ్మదిగా చెప్పిన చాలును. నొప్పి తగ్గినచో మందు మానుట పెద్దలకు అలవాటైన న్యాయము. ఇది నొప్పి మందు కాదని మొదటనే తెలిసినవారు సాధారణముగా మానరు.

ఇక ఆచరించుటలో మిక్కిలి ముఖ్యమైనది ఔషధసేవన కాలము. సుశ్రుతుడు చెప్పిన పది ఔషధకాలములలో మొదటిది అభక్తము, అనగా పరగడుపు. వారపు మాత్రకు అదియే కాలము. విధి ఇట్లుండును.

ఉదయము లేచి పండ్లు తోముకొని, ఏమియు తినక, త్రాగక, నిండు గ్లాసెడు మంచినీటితో మాత్రను మ్రింగవలెను. నమలరాదు, చప్పరించరాదు. కాఫీ, టీ, పాలు, తేనె నీరు, నిమ్మరసము దేనితోను వేయరాదు. మ్రింగిన పిమ్మట అరగంటపాటు నడుము వాల్చక కూర్చుండవలెను, లేదా తిరుగాడవలెను. నెలకొక మాత్ర అయిన ఐబాండ్రొనేట్‌కు ఇది ఒక గంట. ఆ పిమ్మటనే కాఫీ, ఫలహారము.

ఈ నియమములకు కారణము కలదు. ఈ మందు నూరు పాళ్ళలో ఒక పాలు కూడ సరిగా ఒంటబట్టదు. కడుపులో ఆహారమున్నచో ఆ కొంచెమును అందదు. అన్నవాహికలో చిక్కుకొనినచో పుండు పడును. కనుకనే నీరు, కనుకనే నిటారుగా కూర్చుండుట.

తెల్లవారగనే కాఫీ చుక్క పడనిదే కదలని పెద్దలకు ఈ అరగంట పెద్ద పరీక్ష. దీనికి ఉపాయము కలదు. స్నానము చేసి, మాత్ర వేసుకొని, పూజకు కూర్చుండుట. విష్ణుసహస్రనామము ఒకమారు పారాయణ చేయుసరికి అరగంట గడచిపోవును. వీపు నిలిపి కూర్చుండుటయు జరుగును. తీర్థము, నైవేద్యము ఆ తరువాతనే. పత్రిక చదువువారికి పత్రిక, నడచువారికి వాకిట నడక. ఏదో ఒక అలవాటుతో అరగంటను కలుపవలెను.

ఒంటరిగా కూర్చుండలేనివారు, మ్రింగుట కష్టమైనవారు, మతిమరుపు వ్యాధి ముదిరినవారు ఈ మాత్రలను వాడుట క్షేమము కాదు. అట్టివారికి సూది మందు తగునేమో వైద్యుని అడుగవలెను.

అభీరుత్వము: భయములు, నిజములు

"దవడ ఎముక కుళ్ళిపోతుందట" అను మాట విని మందు మానినవారు కలరు. ఈ ఉపద్రవము నిజమే, కాని ఎముకల బలమునకు వాడు మోతాదులలో అది చాల అరుదు. మందు మొదలిడక పూర్వమే పుచ్చిపండ్లను చూపించుకొనవలెను. తరువాత పన్ను తీయించవలసివచ్చినచో దంతవైద్యునకు ఈ మందు సంగతి తప్పక చెప్పవలెను. అంతేగాని మందు తమంతట తాము మానరాదు.

"సెలైను ఎక్కించిన రాత్రి జ్వరం వచ్చింది, ఇక ఆ మందు జోలికి పోను" అనువారు కొందరు. మొదటిసారి జోలెడ్రోనిక్ ఆసిడ్ ఎక్కించిన పిమ్మట ఒకటి నుండి మూడు దినములు జ్వరము, ఒళ్ళునొప్పులు వచ్చుట సాధారణము. రెండవ సంవత్సరము ఇవి చాల తక్కువగా నుండును. ముందురోజు నుండి నీరు బాగుగా త్రాగించి, జ్వరమునకు మాత్రను వైద్యుని అడిగి సిద్ధముగా నుంచుకొనవలెను. ఈ సంగతి ముందే చెప్పి ఉంచినచో పెద్దలు బెదరిపోరు.

"ఇక జన్మంతా వాడాలా?" అనునది మరియొక భయము. అక్కరలేదు. నోటి మాత్రలను సాధారణముగా అయిదు సంవత్సరములకు, ఏడాది సూదిని మూడు సంవత్సరములకు వైద్యుడు పునఃపరిశీలించును. ప్రమాదము తగ్గినవారికి కొంతకాలము విరామమిచ్చును, తుంటి, వెన్నుపూస విరిగినవారికి మరికొంత కాలము పొడిగించును. డెనోసుమాబ్‌కు మాత్రము అట్టి విరామము లేదు. చాల ఏండ్లు వాడినవారిలో అరుదుగా తొడ ఎముక చిట్లుట కలదు. అందుకు ముందు తొడలో గాని గజ్జలో గాని మందకొడి నొప్పి వారముల తరబడి వచ్చును. ఆ నొప్పి కనబడినచో వెంటనే చూపించవలెను.

ఖర్చు భయము పెద్దలు పైకి చెప్పరు. "నా మీద ఇంత ఎందుకు తగలేస్తారు?" అని లోలోన అనుకొని, మాత్రలను అర్ధమాత్రలుగను, వారమును పక్షముగను మార్చుకొందురు. అట్టిచోట మందు అసలు పేరును వైద్యునిచే వ్రాయించుకొని, జన ఔషధి కేంద్రములలో విచారింపవచ్చును. తుంటి రెండవసారి విరిగినచో అగు వ్యయముతో పోల్చిన ఈ మందు ఖర్చు స్వల్పము.

జ్ఞాపకత్వము: బాధను బయటపెట్టించుట

మన పెద్దలకు, అందునను స్త్రీలకు, బాధను దాచుకొనుట ఒక వ్రతము వంటిది. గుండెల్లో మంట పుట్టుచున్నను చెప్పరు. మాత్రను తలగడ క్రిందికి తోసి ఊరకుందురు. కావున "బాగానే ఉందా?" అని అడుగరాదు. దానికి సమాధానము ఎప్పుడును "బాగానే ఉంది" అనియే. "మాత్ర వేసుకున్నాక గొంతులో పట్టినట్టుందా? ఛాతీలో మంటగా ఉందా? మింగేటప్పుడు నొప్పిగా ఉందా?" అని విడివిడిగా అడుగవలెను. నెలకొకసారి మాత్రల అట్టను తీసి లెక్క చూడవలెను. ఇది తప్పు పట్టుటకు కాదు. మిగిలిన ప్రతి మాత్రయు పెద్దలు నోట చెప్పని ఒక మాట.

బాధ చెప్పినచో వైద్యుడు మందు మార్చును. మాత్ర పడనివారికి సూది కలదు. ఒకటి పడకున్న వేరొకటి దొరకును. చెప్పకుండ మానినచో ఏదియు దొరకదు.

మూలికలు, భస్మములు ఎక్కడ ఉండవలెను?

"ఆ ఇంగ్లీషు మందులు మాన్పించి ఆకు మందు ఇవ్వండి" అని నా వద్దకు వచ్చువారు అనేకులు. వారికి నేను చెప్పు సమాధానమే ఇచ్చటను చెప్పుచున్నాను. తుంటి గాని వెన్నుపూస గాని విరిగినవారు, గుల్లబారిన ఎముకలకు ఇచ్చిన ఆ మందును మాని, దాని స్థానమున నల్లేరును గాని గుగ్గులును గాని వాడరాదు. మన ఔషధములు, ఆహారము ఆ మందుకు తోడు నిలువవలెను గాని దాని చోటు ఆక్రమింపరాదు.

మరియొక ముఖ్యవిషయము. ప్రవాళ భస్మము, ముత్యపుచిప్ప భస్మము, శంఖ భస్మము, గోదంతి భస్మము, కోడిగ్రుడ్డు పెంకు భస్మము – ఇవన్నియు కాల్షియము ప్రధానముగా గలవి. వీటిని పరగడుపున తేనెతోనో పాలతోనో పుచ్చుకొను అలవాటు కలదు. వారపు మాత్ర వేసుకొను ఉదయము అట్లు చేసినచో ఆ మాత్ర వ్యర్థము. కాల్షియము మాత్రయు అంతే. ఆ దినమున వీటిని మధ్యాహ్న భోజనముతో గాని, రాత్రి గాని వాడవలెను. థైరాయిడ్ మాత్ర వేసుకొనువారు దానికిని కాల్షియమునకును నాలుగు గంటల ఎడము ఉంచవలెను.

పేరు, ఊరు లేని పొట్లాలలో వచ్చు కీళ్ళనొప్పుల పొడులను వాడరాదు. అట్టి వానిలో స్టెరాయిడ్లు కలిపి అమ్ముట పలుమార్లు బయటపడినది. నొప్పి ఒక్క పూటలో మాయమగును, ఎముకలు మాత్రము లోలోపల కరగిపోవును. వైద్యుడు నెలల తరబడి పోసిన బలమును ఆ పొట్లము తోడివేయును.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి లేక గొట్టము మాత్రను వారమునకొకటి చొప్పున కొన్ని వారములు వ్రాయుదురు. దానిని పొరపాటున దినమునకొకటి చొప్పున వాడినచో రక్తమున కాల్షియము హద్దు మీరి వాంతులు, మతిభ్రమ, మూత్రపిండములకు హాని కలుగును. చీటీని రెండుమార్లు చదువుకొనవలెను.

ఇంటి ఆహారము

ఎముక విరిగినవాడు ఉప్పు, కారము, క్షారము, పులుపు, ఎండ, వ్యాయామము, రూక్షాన్నము విడువవలెనని సుశ్రుతుడు చెప్పెను. తొలి మాసములలో ఊరగాయలు, ఎండు కారములు తగ్గించి, స్నిగ్ధమైన ఆహారమును పెట్టవలెను. ఎముక కుదురుకొని నడక వచ్చిన పిమ్మట ఉదయపు లేత ఎండ, వైద్యుడు నేర్పిన వ్యాయామము ఎముకలకు అవసరములే.

వయసు మీరినవారికి దినమునకు 1000 నుండి 1200 మిల్లీగ్రాముల కాల్షియము అవసరము. గ్లాసెడు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు లభించును. నూరు గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాములకు పైగా కలదు. నువ్వులు, మునగాకు, మజ్జిగ మంచివి. పప్పు, పెరుగు, అలవాటున్నవారికి గ్రుడ్డు, చేప మాంసధాతువును నిలుపును. కండలేనివాడు త్వరగా పడిపోవును.

రాగి జావ: రాగిపిండి రెండు పెద్ద చెంచాలు నీటిలో కలిపి, సన్నని సెగపై ఉండ కట్టకుండ కాచి, చల్లారిన పిమ్మట మజ్జిగ కలిపి త్రాగవలెను. మధుమేహము లేనివారు పాలు, బెల్లము కలుపుకొనవచ్చును.

నల్లేరు పచ్చడి: నల్లేరుకు సంస్కృతమున అస్థిసంహారి అని పేరు. లేత కణుపులను మాత్రమే తీసికొనవలెను. చేతులకు నూనె రాసుకొని, అంచులనున్న నారను తీసివేసి, ముక్కలుగా కోసి, నువ్వుల నూనెలో బాగుగా మగ్గించవలెను. పచ్చిగా నున్నచో నోరు, చేతులు దురద పెట్టును. మినపపప్పు, ఎండుమిరప, కొద్ది చింతపండు, తగుమాత్రము ఉప్పు చేర్చి నూరి, చిన్న ఉసిరికాయంత అన్నములో కలుపుకొనవలెను. వారమునకు రెండుమార్లు చాలును. మూత్రపిండములలో రాళ్ళున్నవారు వైద్యుని అడిగి తినవలెను.

పడకుండ కాచుకొనుట

ఎముకలకు మందు పోయుచు స్నానాల గదిలో పాచిని వదలిపెట్టుట వివేకము కాదు. రాత్రి పూట దారిలో చిన్న దీపము, మరుగుదొడ్డిలో గోడకు పట్టుకమ్మి, జారని చెప్పులు, అడ్డము రాని పట్టాలు, తివాచీలు – ఇవి అమర్చవలెను. కంటిలో శుక్లము ఉన్నచో తీయించవలెను. నిద్ర మాత్రలు వాడువారు రాత్రి లేచునప్పుడు కొంతసేపు మంచముపై కూర్చుండి పిమ్మట నిలువవలెను.

తలుపు చట్టముపై పెద్దల ఎత్తును సంవత్సరమునకొకసారి గీత గీసి చూడవలెను. పిల్లల ఎత్తు చూచినట్లే ఇదియు. రెండు సెంటీమీటర్లకు మించి తగ్గినచో, నొప్పి లేకున్నను వెన్నుపూస కుంగియుండవచ్చును. వైద్యునకు చూపించవలెను.

గోడమీద అతికించుకొనుటకు

• మందు పేరు, ప్రారంభించిన తేదీ, తరువాతి తేదీ.

• పూచీ వహించినవారి పేరు, ఫోను. ఇల్లు మారినచో కొత్తవారి పేరు.

• మాత్ర దినమున: మంచినీరు, నిటారుగా అరగంట, ఆ పిమ్మటనే కాఫీ. కాల్షియము, భస్మములు మధ్యాహ్నమునకు తరువాత.

• వెంటనే చెప్పవలసినవి: మ్రింగునప్పుడు నొప్పి, గుండెల్లో మంట, తొడ లేక గజ్జలో నొప్పి, దవడ నొప్పి, హఠాత్తుగా నడుము నొప్పి.

• వైద్యుడు చెప్పనిదే మానరాదు.

మంచి పరిచారకునకు సేవ తెలియుట, నేర్పు, ప్రేమ, శుచి అను నాలుగు గుణములు ఉండవలెనని చరకుడు చెప్పెను. మన ఇళ్ళలో ప్రేమకు కొదువ లేదు. మంచముమీద ఉన్ననాడు రాత్రింబవళ్ళు సేవ చేసినవారే, నడక వచ్చిన పిమ్మట వారమునకొక మాత్ర సంగతి మరచుచున్నారు. ఈ వారమే అలమర తెరచి ఆ చీటీని బయటికి తీసి, తరువాతి తేదీ ఏదో చూడుడు. అది దాటిపోయి యున్నచో రేపే వైద్యునకు ఫోను చేయుడు.